టైరు మధ్యలో కిటికీ

మా బావకి గోడలు ముందు, మనుషులు తర్వాత. నాకు మొదటి కూతురు పుట్టినప్పుడు ఆస్పత్రికి వచ్చి, పిల్లని ఒకసారి చూసి, "ఈ ఆస్పత్రి వెనక గోడ ఎవరి చేతిలో ఉందిరా?" అని అడిగిన మనిషి. మా ఆవిడ ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేదు. ఊళ్ళో అందరూ ఆయన్ని గోడలాయన అనేవాళ్ళు. పోయిన ఏడాది ఆయన పోయినప్పుడు కూడా "గోడలాయన పోయాడట" అనే చెప్పుకున్నారు.

పరాయి దేశంలో ఓడ దిగినప్పుడు మేం ముగ్గురం. బావ, మా అక్క, నేను. బావ చేతిలో ఒక రేకు పెట్టె, అందులో కుంచెలు. అక్కడి భాష మాకు ముక్క రాదు. దుకాణాలకి బోర్డులు రాసే పని దొరికింది. చదవడం రాకపోయినా బావ అక్షరాలని బొమ్మల్లా చూసి వేసేసేవాడు. అలా రాస్తూ రాస్తూ ఒక సంగతి కనిపెట్టాడు. దుకాణం బోర్డు చూసేది దుకాణం దాకా వచ్చినవాడే. రానివాడి కళ్ళలో పడాలంటే గోడ కావాలి. ఇప్పుడు వింటే ఇదేం పెద్ద తెలివి అనిపిస్తుంది గానీ, అప్పటికి ఆ ఊళ్ళో ఎవరికీ తట్టలేదు.

పరాయివాళ్ళకి గోడ ఎవరిస్తారు? మా మొహాలు చూడగానే తలుపులు వేసేసేవాళ్ళు. పదిహేడు ఇళ్ళు తిరిగాం. పద్దెనిమిదోది రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న మేడ. పై గదిలో ఒంటరిగా బట్టలు కుట్టుకునే ఆవిడ. ఇల్లు ఆవిడదే. స్టేషన్ వైపు గోడంతా ఖాళీ, పైన ఒక్క కిటికీ తప్ప. ఆ గదికి ఉన్న కిటికీ అదొక్కటే. దాని పక్కనే ఆవిడ కుట్టుమిషను.

బావ వచ్చీ రాని మాటలతో, సైగలతో అరగంట చెప్పాడు. ఆవిడ బొత్తాం కుడుతూ అంతా విని, దారం పంటితో తెంపి, "సరే అబ్బాయ్. గోడ నీది, కిటికీ నాది. ఏటా ఇంటికి సున్నం వేయించు, చాలు" అంది.

"కిటికీ జోలికి రానండి, పిన్నిగారూ. మాటంటే మాటే" అన్నాడు బావ.

ఆ గోడ మీద మొదటి బొమ్మ ఒక సబ్బుది. తాళ్ళకి వేలాడే బల్ల మీద ఊగుతూ, సుద్ద పూసిన దారంతో గళ్ళు కొట్టి, అరచేతంత బొమ్మని ఇంటంత చేశాడు బావ. బల్ల కిటికీ పక్కకి చేరినప్పుడల్లా పిన్నిగారు గ్లాసుడు టీ అందించేది. రైలు దిగినవాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు. ఆర్నెల్లలో బిస్కెట్లవాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు, ఆ వెనకే గొడుగులవాళ్ళు. పన్నెండేళ్ళు తిరిగేసరికి ఊళ్ళో మంచి గోడలన్నీ బావవే. అయినా స్టేషన్ ఇంటికి సున్నం మాత్రం తనే దగ్గరుండి వేయించేవాడు.

అప్పుడు వచ్చింది టైర్ల కంపెనీ. వాళ్ళకి స్టేషన్ గోడే కావాలి. రంగులు కాదు, గోడ నిండా రేకు బోర్డు, దాని మీద ఇంత పెద్ద టైరు. మా దగ్గర ఒక ముసలి పెయింటరు ఉండేవాడు, నోటికి అదుపు లేని మనిషి. కాగితం మీద బొమ్మ చూసి, "అయ్యా, టైరు మధ్యలో ఎలాగూ కన్నమే కదా. అది కిటికీ మీదకి వచ్చేట్టు రేకు కోసేస్తే సరి. ఆవిడకి వెలుతురు, మనకి టైరు" అన్నాడు.

బావ ముందు నవ్వాడు. తర్వాత నీళ్ళు నమిలాడు. "కంపెనీ పెద్దాయన ఏమనుకుంటాడో! కిటికీ కోసం బొమ్మకి చిల్లు పెడతామంటే, వీళ్ళకి పని రాదనుకోడూ?"

"అడిగితే పోయేదేముంది?" అన్నాడు ముసలాయన.

బావ అడగలేదు. నేనైనా అడగాల్సింది. అడగలేదు. పిన్నిగారు చెల్లెలి ఇంటికి వెళ్ళిన వారం చూసుకుని బోర్డు ఎక్కించాం. మేకులు కొట్టించింది నేనే.

ఆవిడ రెండుసార్లు ఆఫీసుకి వచ్చింది. రెండుసార్లూ బావ వెనక గదిలో దూరి నన్ను ముందుకి తోశాడు. "ఊళ్ళో లేరండి" అన్నాను. రెండోసారి ఆవిడ, గుమ్మం తెర కింద కనిపిస్తున్న బావ బూట్లకేసి చూసింది. "ఊళ్ళోకి వచ్చాక చెప్పు నాయనా, సూదిలో దారం ఎక్కించలేకపోతున్నానని" అంది. ఇక రాలేదు. నలుగుర్నీ పోగేసి తిట్టినా బాగుండేది.

అక్క అక్కడ బట్టలు కుట్టించుకోవడం మానేసింది. "ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?" అని బావనే అడిగేది. ఆయన తల దించుకుని తినేవాడు. సున్నానికి మనుషుల్ని పంపేవాడు, తను మాత్రం ఆ వీధి తొక్కేవాడు కాదు.

తొమ్మిదేళ్ళ తర్వాత కంపెనీ పెద్దాయన ఉద్యోగం చాలించుకుంటూ మమ్మల్ని భోజనానికి పిలిచాడు. మాటల మధ్య, ముసలి పెయింటరు చెప్పిన ఉపాయం నేనే సరదాగా బయటపెట్టాను. పెద్దాయన పగలబడి నవ్వాడు. "టైరు మధ్యలో ఒకావిడ కూర్చుని బట్టలు కుడుతుందా! ఊరంతా దాని గురించే మాట్లాడుకునేది కదయ్యా. ఎందుకు చెప్పలేదు?"

తింటున్నవాడల్లా బావ లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున్నే పనివాళ్ళతో స్టేషన్ దగ్గరికి బయల్దేరాడు. "ముందు ఆవిడతో ఓ మాట చెప్పు బావా" అన్నాను. "ఏం చెప్పమంటావురా? వెలుతురు పడ్డాక చెప్తా" అన్నాడు.

మేకులు ఊడాయి. రేకు కదలగానే దాని వెనకనుంచి ఏవో జలజలా రాలి రోడ్డు మీద దొర్లాయి. దారపు రీళ్ళు. బోర్డు వెనక చెక్క చట్రం ఒకటి కిటికీకి అడ్డంగా ఉండేది. ఇన్నేళ్ళూ ఆవిడ దాన్నే అరగా వాడుకుంటూ, రీళ్ళు వరసగా పేర్చుకుంది.

కిటికీలో ఆవిడ కనిపించింది. చూపు మా మీద నిలవడం లేదు. చట్రం ఉండాల్సిన చోట చెయ్యి వెతుకుతోంది. దీపం వెలుగులో కుట్టీ కుట్టీ ఆవిడ కళ్ళు పోయాయని మాకు అప్పుడే తెలిసింది.

"ఎవరదీ? నా దారాలేవి?"

బావ రోడ్డు మీద మోకాళ్ళ మీద కూలబడి రీళ్ళు ఏరుతున్నాడు. "నేనే, పిన్నిగారూ. మీ కిటికీ మీకు ఇచ్చేద్దామని…"

ఆవిడ మొహం ఎండకేసి తిప్పింది. "వెచ్చగానే ఉంది" అంది. ఖాళీ చోటుని చేత్తో తడుముతూ, "ఏ రంగు ఎక్కడుందో చేతికి తెలిసేది అబ్బాయ్. అలాగే నాలుగు గుడ్డలు కుట్టుకుంటున్నా. ఒక్క మాట అడగొచ్చు కదా" అంది.

తర్వాత బావ పదకొండేళ్ళు బతికాడు. ఆ గోడ మీద ఇంకే బొమ్మా వేయలేదు. ఏటా సున్నం మాత్రం తనే వేసేవాడు. నాకు మాత్రం బోర్డు ఊడదీసిన ఆ రోజే కళ్ళ ముందు కదులుతుంది. రీళ్ళన్నీ చొక్కాలో మూట కట్టుకుని బావ మేడెక్కాడు. గదిలో చెక్క బిగించి, ఒక్కో రీలూ ఆవిడ చేతిలో పెట్టి రంగు చెబుతూ, "ఇదెక్కడ పెట్టమంటారు, పిన్నిగారూ?" అని అడుగుతున్నాడు. నేను మెట్ల మీద నిలబడి అన్నీ విన్నాను. పైకి వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు.