కిరాయి ఇంట్ల పెయింటు ముగ్గు

నాగోల్‌ల మా సొంత ఫ్లాట్ల చెక్క ఫ్లోర్‌కు పాలిష్ పెట్టే ఆయన డబ్బా మూత తీసిండు. టర్పెంటైన్ వాసనకు దిల్‌సుఖ్‌నగర్‌ల మా చిన్నప్పటి కిరాయి ఇల్లు యాదికొచ్చింది.

అక్కడ అమ్మ షాబాద్ బండల మీద తెల్ల పెయింటుతో ముగ్గేసింది. "అద్దె ఇంట్లో పెయింటు ముగ్గేంటమ్మా?" అని ఓనరమ్మ కేకలేసింది. ఇగ మమ్మల్ని ఎల్లగొడ్తదనుకొని, ఇంకా ఆరని ముగ్గును టర్పెంటైన్ గుడ్డతోటి సగం తుడిచేసిన.

అమ్మ కొట్టలే. బ్రష్ నా చేతుల పెట్టింది. "ఇల్లు ఆమెది. తొక్కే కాళ్లు మనయి. మళ్ల ఎయ్యి."

నేనేసిన సగం వంకర్లు పోయింది. ఇల్లు ఖాళీ చేసేదాకా అట్లనే ఉంది.

పాలిష్ ఆరినంక నేను ముగ్గెయ్యనీకి తెల్ల పెయింటు డబ్బా తీసిన. "చెక్క ఖరాబైతది మేడం!" అన్నడాయన.

"తొక్కే కాళ్లు నాయి" అన్న. మొదటి గీత కావాల్నని వంకరగ గీసిన.