మానేసినవాడి క్లెయిమ్

కరోనా సద్దుమణిగిన ఏడాది వేసవిలో నన్ను మా ఆరోగ్య బీమా కంపెనీ కరీంనగర్ డివిజనల్ ఆఫీసుకు క్లెయిమ్స్ విభాగం అసిస్టెంట్ మేనేజరుగా బదిలీ చేశారు. ఆసుపత్రి బిల్లు కంపెనీ కట్టాలా వద్దా తేల్చడం నా పని. ఎందుకు కట్టనక్కర్లేదో వెతకడమే మా పని అని బయట అనుకునేవారు. మరీ తప్పేం కాదు.

వానాకాలంలో సుల్తానాబాద్ నుంచి ఒక క్లెయిమ్ వచ్చింది. పాలసీదారు మల్లేశం, రైస్ మిల్లులో లారీ డ్రైవరు. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నెల రోజులుండి తాగుడు మానేశాడు. భార్య స్వరూప రెండు బర్రెలు అమ్మి బిల్లు కట్టి, ఆ డబ్బు తిరిగి ఇవ్వమని మాకు దరఖాస్తు పెట్టింది. డిశ్చార్జి సమ్మరీలో జబ్బు 'మద్యపాన వ్యసనం' అని ఉంది. కంపెనీ చెల్లించని జబ్బులంటూ పాలసీలో కొన్ని ఉంటాయి. అందులో ఇదొకటి.

పాత రికార్డు చూశాను. అంతకుముందు మల్లేశం అదే ఆసుపత్రిలో మూడుసార్లు చేరాడు. తాగి వాంతులైతే సెలైన్ ఎక్కించి, 'గ్యాస్ట్రైటిస్', అంటే పొట్టలో వాపు, అని రాసి పంపారు. మూడుసార్లూ మేం చకచకా చెల్లించాం. మనిషి తాగుతున్నంతకాలం మా సేవలకు వంక పెట్టడానికి లేదు.

భార్యాభర్తలిద్దరూ ఆఫీసుకొచ్చారు. రూలు చెప్పాను. స్వరూప నిలదీసింది.

"తాగినన్ని దినాలు అడగకముందే పైసలిచ్చిండ్రు. బంద్ జేసినంక ఇచ్చేది లేదంటుండ్రు. గిదేం లెక్క మేడం?"

లెక్క కంపెనీదే కాబట్టి నేను ఫైలు పైకి పంపాను.

మా డివిజనల్ మేనేజరు దయగల మనిషి. వాళ్లను తన గదిలోకి పిలిచి, డాక్టరుతో సమ్మరీ మార్పించుకు రమ్మనీ, 'లివర్ వాపు' అని ఉంటే తానే సంతకం పెడతాననీ చెప్పారు. ఆసుపత్రి బిల్లింగ్ గుమాస్తా కూడా అదే సలహా ఇచ్చాడట, కొంచెం ఖర్చవుతుందని. ఇంతమంది సాయానికి సిద్ధంగా ఉంటే మల్లేశం మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"తాగుడు, అబద్ధమాడుడు రెండూ ఒక్కసారే ఇడిసిపెట్టిన సారూ. ఒకటి మళ్ల షురూ జేస్తె రెండోది ఎంబడే వస్తది."

స్వరూప అతని వైపు చూసింది. బర్రెలు ఆమెవి. అయినా కాగితాలు సంచిలో పెట్టుకుని లేచింది.

మేనేజరు నొచ్చుకున్నారు. నిజాయతీపరులతో ఆఫీసు పనులు సాగవని తర్వాత నాతో అన్నారు. నేను తిరస్కరణ లేఖ రాసి, కారణం స్పష్టంగా పెట్టాను. కారణం లేని లేఖ మీద అప్పీలు చేయడం కష్టం. మానసిక జబ్బులకూ శరీర జబ్బులతో సమానంగా బీమా ఉండాలని చట్టం చెబుతుందనీ, వ్యసనం వల్ల వచ్చే మానసిక సమస్యలు ఆ నిర్వచనంలోకే వస్తాయనీ వాళ్లకు వివరించాను. ముందు కంపెనీకి ఫిర్యాదు పెట్టాలి. నెలలో న్యాయం జరగకపోతే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లాలి. పాలసీదారుల తగాదాలు తీర్చే అధికారి ఆయన. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ ఎలాగూ నెలపాటు మౌనం పాటించింది.

మరుసటి ఏడాది మళ్లీ వానలు మొదలయ్యాక విచారణకు మల్లేశం దంపతులు బస్సులో హైదరాబాద్ వెళ్లారు. మా మేనేజరు కంపెనీ కారులో వెళ్లి, చెల్లించనక్కర్లేదని గంభీరంగా వాదించారు. సమ్మరీ మార్చుకోమన్న మాట అక్కడ ప్రస్తావనకు రాలేదు. అంబుడ్స్‌మన్ చెల్లించమన్నారు.

డబ్బు ఆయన పెట్టిన గడువులోపే ఇచ్చినందుకు మా ఆఫీసుకు పై నుంచి ప్రశంస వచ్చింది. స్వరూప ఆ డబ్బుతో సంతలో బేరమాడితే ఒక్క బర్రే వచ్చింది. అప్పటికి ధరలు పెరిగాయి. మల్లేశం లారీ నడుపుతున్నాడు, తాగడం లేదు.

ఈ వ్యవహారంతో నాకు తెలిసింది ఇంతే. బీమాలో చెల్లింపు జబ్బును బట్టి కాదు, దానికి రాసిన పేరును బట్టి జరుగుతుంది. నిజమైన పేరు రాయించుకున్నవాడు చట్టం కూడా తెలుసుకుని ఉండాలి, ఏడాదిపాటు ఆగగలిగి ఉండాలి.