వెనక్కి పెట్టిన చెయ్యి

ఎవరింటికి పనికి వెళ్ళినా ఆయన మంచినీళ్ళు అడగడు. గుమ్మంలోనే, "ఎర్తు ఉందా?" అని అడుగుతాడు. దారితప్పిన కరెంటును మనిషికి తగలకుండా నేలలోకి దించే తీగ గురించి. ఆ మాట అనీ అనీ చివరికి వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఎర్తు బాబాయి అయిపోయాడు. సొంత పేరు పెట్టి పిలిస్తే ఆయనే ఓసారి వెనక్కి తిరిగి చూసుకుంటాడు.

రేడియోలు బాగుచేసే కొట్టులో సగం జీవితం గడిపాడు. రేడియోలు మూలపడ్డాక ఇంటి ముందుగదిలోనే బల్ల వేసుకున్నాడు. మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, ఎప్పుడైనా ఒక ఎన్‌లార్జరు. ఫిల్ము మీది చిన్న బొమ్మను దీపం వెలుగుతో కాగితం మీదికి పెద్దదిగా దించే యంత్రం అది. చీకటిగదిలో ఉంటుంది, పక్కనే మందునీళ్ళ పళ్ళేలుంటాయి. తడి చేతులూ, ఇనుమూ, కరెంటూ ఒకే బల్ల మీద కాపురం చేస్తుంటాయి. ఆ కాపురం సజావుగా సాగాలని ఆయనకున్నంత చాదస్తం ఇంకెవరికీ లేదు.

పనికి కూర్చునే ముందు ఇంటి ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకుంటాడు. ఎవరూ పొరపాటున కరెంటు ఇవ్వకూడదు కదా. ఒకసారి పని ముగించుకొని, ఫ్యూజు సంగతి మర్చిపోయి, ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నాడు. కాసేపటికి ఆ ఇంటాయన వగరుస్తూ వచ్చాడు. "బాబాయ్, మా కరెంటు నీ జేబులో ఉండిపోయింది!"

ఈ పనిలో ఆయనకు మొదటి గురువు సొంత అన్న. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే స్క్రూడ్రైవరు కోసం జుట్లు పట్టుకునేవాళ్ళు. తీగలకు టేపు చుట్టడంలో అన్నకు ఒక పద్ధతి ఉండేది. పని పూర్తయిన చోట టేపు చివర కనబడకుండా నున్నగా ఒత్తేసేవాడు. మళ్ళీ విప్పాల్సిన చోట మాత్రం చివర మడిచి చిన్న తోక వదిలేవాడు. "తోక కనబడిందంటే ఇంకా పని ఉందనిరా" అనేవాడు.

పెద్దయ్యాక అన్న ఫొటో స్టూడియో పెట్టాడు. దీపం ఎన్ని సెకన్లు వెలగాలో చూసే టైమరునూ, వోల్టేజి నిలకడగా ఉంచే పవర్ సప్లైనీ తనే తయారుచేసి ఒక బిస్కట్ల రేకు డబ్బాలో బిగించాడు. చూడముచ్చటగా ఉండేది. కానీ ఎన్‌లార్జరు తగిలించి మీట నొక్కితే చాలు, ఫ్యూజు పోయేది. తమ్ముడు వచ్చి చూసి, గిరాకీలందరి ముందూ, "ఇది టైమరా, యమపాశమా?" అనేశాడు. అన్న మొహం మాడిపోయింది. "పెద్ద వచ్చాడండీ చెప్పడానికి, బయటికి నడు" అన్నాడు.

అంతే, మాటలు ఆగిపోయాయి. పెళ్ళిళ్ళలో ఎదురుపడినా చెరో గోడ వంకా చూసుకునేవాళ్ళు. అన్నకు జబ్బు చేసి ఆస్పత్రిలో చేరాక తమ్ముడు పరుగెత్తుకెళ్ళాడు గానీ, అప్పటికే అన్నకు మాట పడిపోయింది. ఆయన పోయాక వదిన స్టూడియో చేతిలోకి తీసుకుంది. ఎర్తు బాబాయి ఆ ఇంట్లో ఫ్యాన్లు బాగుచేశాడు, నీళ్ళ మోటారు బాగుచేశాడు. చీకటిగది గడప మాత్రం తొక్కలేదు. వదిన కూడా రమ్మనలేదు.

ఒక రోజు అన్న కూతురు ఫోను చేసింది.

"బాబాయ్, ఆదివారం నుంచి ఫిల్ము ఫొటోలు నేర్పే క్లాసు పెడుతున్నాను. ఒకసారి వచ్చి ఎన్‌లార్జరు చూసిపెట్టవా? అమ్మకు తెలిస్తే తిడుతుంది, చెప్పలేదు."

వదిన కునుకు తీస్తుంటుందనుకొని మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్ళాడు. తీరా చూస్తే చీకటిగదిలో ఎర్రదీపం కింద వదిన బొమ్మ దించుతోంది. కాళ్ళ కింద మందపాటి రబ్బరు పట్టా. కుడిచేత్తో వెలుగుకు అక్కడక్కడా అడ్డం పెడుతోంది. ఎడమచెయ్యి మడిచి నడుం వెనక పెట్టుకుంది. పక్కన కూతురూ అచ్చం అలాగే నిలబడి ఉంది.

"అదేం నిలబడటమే?" అన్నాడు.

"నాన్న స్టైలు బాబాయ్. ఇక్కడ ఎవరు పనిచేసినా ఒక చెయ్యి వెనక్కే. క్లాసులో నా మొదటి పాఠం కూడా అదే!" అని నవ్వింది.

ఆయనకు నవ్వు రాలేదు. దీపం వెలుగుతుండగా టెస్టరు తీసి ఎన్‌లార్జరు స్తంభానికి ఆనించాడు. టెస్టరు ఎర్రగా వెలిగింది.

"వదినా, నీకు తెలుసా?"

వదిన తల తిప్పలేదు. "తెలుసు. దీపం ఉన్నంతసేపూ జివ్వుమంటుంది. ఒక చెయ్యి దానికి తగిలి, రెండోది కుళాయి మీద ఉంటే గుండెలోంచి పోతుందట కదా. అందుకే వెనక్కి."

"ఇన్నేళ్ళూ ఇలాగేనా?"

"అలవాటైపోయింది."

కూతురు తన ఎడమచెయ్యి వంక చూసుకుంది. "స్టైలనుకున్నానే అమ్మా" అంది మెల్లగా.

ఆయన రేకు డబ్బా వైపు చెయ్యి చాచాడు. వదిన అడ్డం వచ్చింది.

"దాన్ని ముట్టుకోకు. ఒకసారి నువ్వు దాని జోలికొచ్చినందుకు మీ అన్నకు తమ్ముడు లేకుండా పోయాడు."

మాట సూటిగా తగిలింది. అయినా ఆయన కదల్లేదు.

"నన్ను మళ్ళీ గడప తొక్కనివ్వకపోయినా భరిస్తాను వదినా. కానీ ఆదివారం వచ్చేవాళ్ళ చేతులు ఎవరు పట్టుకుంటారు? ఒక్కరు మర్చిపోయి కుళాయి తిప్పితే చాలు."

పళ్ళెంలో అంతకుముందు వేసిన బొమ్మ నల్లబడిపోతున్నా ఎవరూ తీయలేదు. వదిన దీపం ఆర్పి, తడిచెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"పారెయ్యనని మాటిస్తావా?"

"పారెయ్యను."

ప్లగ్గు తీశాడు, ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. లోపల మిగిలిన కరెంటు దిగేదాకా ఆగి, డబ్బాను కిటికీ దగ్గరికి తెచ్చి మూత విప్పాడు. తీగలన్నీ జడ అల్లినట్టు ఉన్నాయి. స్విచ్చి కూడా సరిగ్గా కరెంటు వచ్చే తీగ మీదే ఉంది. అన్న పనితనం చూసి ఆయనకు గర్వంగా అనిపించింది. అప్పుడు మూలన పచ్చతీగ కనబడింది. ఎర్తు తీగ. కత్తిరించి, చివర మడిచి, టేపు చుట్టి ఉంది.

ఆ టేపుకు తోక ఉంది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకొని మళ్ళీ పెట్టుకున్నాడు.

"తోక వదిలాడు వదినా."

"ఎర్తు కలిపితే ఫ్యూజు పోతోంది, చేతిలో పెళ్ళి ఫొటోలున్నాయి, ప్రస్తుతానికి తీసేస్తున్నానన్నారు. తర్వాత వాడొచ్చి చూస్తాడులే అన్నారు."

"ఎవరు?"

"ఇంకెవరు? నువ్వే. వీధిలో నీ స్కూటరు చప్పుడైతే పని ఆపి చెవి ఒగ్గేవారు. నేను పిలుస్తానంటే, వాడంతట వాడే రావాలి అనేవారు. మీ ఇంటి మొగాళ్ళ పంతాలతో చచ్చాం."

"అన్న పిలుస్తాడేమోనని నేనూ..." అన్నాడు ఆయన. అన్న కూతురి ముందు సిగ్గుపడకుండా ఏడ్చేశాడు.

తర్వాత ముక్కు తుడుచుకొని, తోక పట్టి టేపు లాగాడు. అన్నాళ్ళయినా చక్కగా ఊడి వచ్చింది. పచ్చతీగను దాని చోట స్క్రూ కింద గట్టిగా బిగించి, అన్నీ తగిలించి, మీట నొక్కమన్నాడు. టప్పుమని ఫ్యూజు పోయింది.

"అయ్యో, పోయింది బాబాయ్!"

"పోనీ. అసలు తప్పు ఇంకా ఎక్కడో ఉందన్నమాట."

మళ్ళీ ప్లగ్గు తీసి ఎన్‌లార్జరు తల విప్పాడు. అక్కడ దొరికింది. దీపం వేడికి తీగ పైపొర ఎండిపోయి పెచ్చులూడి, లోపలి రాగితీగ ఎన్‌లార్జరు ఇనుముకు తగులుతోంది. ఆ తీగలు మొత్తం తీసేసి, వేడిని తట్టుకునేవి వేశాడు. ఈసారి దీపం వెలిగింది, ఫ్యూజు నిలబడింది. స్తంభానికి ఆనించిన టెస్టరులో వెలుగు లేదు. అయినా నమ్మకం చాలక మళ్ళీ మళ్ళీ ఆనించి చూశాడు.

"రా వదినా, చూడు."

వదిన వచ్చి ఎన్‌లార్జరు ముందు నిలబడింది. కుడిచెయ్యి స్తంభం మీద వేసింది. ఎడమచెయ్యి దానంతట అదే నడుం వెనక్కి పోయింది.

"రెండో చెయ్యి కూడా" అన్నాడు.

ఆమె నవ్వబోయింది గానీ చెయ్యి ముందుకు రాలేదు. కూతురు వెనక నుంచి ఆ చేతిని పట్టుకొని మెల్లగా ముందుకు తెచ్చింది. వదిన రెండు చేతులతో ఆ చల్లటి ఇనుమును పట్టుకొని కాసేపు అలాగే నిలబడింది.

"చూశారా, వచ్చాడు" అంది.

ఆ మాట తనతో అన్నది కాదని ఎర్తు బాబాయికి తెలుసు. ఫ్యూజు పీకినప్పుడు జేబులో పడ్డ దుమ్ము దులుపుకుంటూ, తల వంచుకొని అక్కడే ఉండిపోయాడు.