కాలేజీ మలుపులో మూడు వాక్యాలు

సత్యనారాయణ మాస్టారు ఇక లేరు. సోమవారం పొద్దున ఇక్కడ సింగపూర్లో, టాంపినీస్ స్టేషన్లో ఆఫీసుకి వెళ్ళే రైలు కోసం నిలబడి, నిలబడిన చోటే కుప్పకూలిపోయారట. మాస్టారి భార్య, మా అమ్మగారు, ఫోనులో ఆ దుర్వార్త చెబుతుంటే నా బుర్ర మొద్దుబారిపోయింది. ఎదురుగా బల్లమీద, శిలాఫలకం కోసం నేను నాలుగోసారి దిద్దుతున్న పేర్ల జాబితా ఉంది. దాన్ని చూస్తే నామీద నాకే అసహ్యం వేసింది.

మన్యంలో ఘాట్ రోడ్డు పక్కనున్న చిన్న కళాశాలలో మాకు లెక్కలు చెప్పిన మహానుభావుడాయన. గణితంలో అపార పాండిత్యం, శిష్యుల పట్ల అవ్యాజ వాత్సల్యం. మా కాలేజీలో మొదటి పీరియడ్‌కి గంట కొట్టేవారు కాదు. దూరపు గూడేల పిల్లలు కొండలు దిగి వచ్చాకే మాస్టారు సుద్దముక్క పట్టుకునేవారు. హాస్టల్లో ఉండే నేను ఒకసారి విసుక్కున్నాను, "వాళ్ళకోసం మేమెందుకు కూర్చోవాలండీ?" అని. "రేపు నువ్వూ వాళ్ళ గూడెం నుంచి నడిచి రా. ఆ తర్వాత మాట్లాడదాం" అన్నారు. నడిచాను. ఆపైన నోరెత్తితే ఒట్టు.

తర్వాత కంప్యూటర్ల జోరు వచ్చింది. పిల్లలంతా కొండ కిందికి, ఇంజనీరింగు కాలేజీలకి ఎగబడ్డారు. మా కాలేజీ మూతపడింది. నలభై దాటాక ప్రోగ్రామింగ్ నేర్చుకుని మాస్టారు సింగపూర్ వచ్చారు. విధివిలాసం చూడండి, నా టీములోనే పడ్డారు. ఆయన రాసిన కోడు నేను దిద్దాలి! నేను సిగ్గుతో చచ్చిపోతుంటే, "లీడు గారూ, తప్పెక్కడో చూపించండి. అప్పట్లో నేను నిన్ను వదిలానుట్రా?" అని పకపకా నవ్వేవారు.

ఆయన కోరిక ఒక్కటే. కాలేజీ గోడలు ఏనాడో కూలిపోయాయి. బస్సు కండక్టర్లు మాత్రం ఇప్పటికీ "కాలేజీ మలుపు, దిగండి" అని అరుస్తారు. ఏ కాలేజీ అని అడిగితే వాళ్ళకే తెలియదు. అక్కడ రోడ్డు పక్కన ఒక రాయి నాటించాలన్నారు. దానిమీద చెక్కడానికి స్వహస్తాలతో రాసిచ్చారు: "ఇచ్చట ఒక కళాశాల ఉండేది. గూడేల నుంచి పిల్లలు నడిచి వచ్చేవారు. వాళ్ళు వచ్చాకే పాఠం మొదలయ్యేది."

అంతే. దానిమీద రెండేళ్ళు గడిపామండీ మేం, అయినా పని కాలేదు! సింగపూర్లో ఉన్న పూర్వవిద్యార్థులం ఏడుగురం. సెరంగూన్ మాల్లో ప్రతి నెలా మీటింగు. రాయి అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది పేర్లే కదా! ఎవరి పేరు ముందుండాలి, డిగ్రీలు వెయ్యాలా, మా సంఘం అధ్యక్షుడి పేరు అక్షరాలు ఎంత లావుండాలి. నేనేదో పెద్దమనిషినని కాదు, రెండో పేరు నాది. దాన్ని మొదటికి ఎలా జరపాలా అన్నదే నా తాపత్రయం. "ఒరేయ్, మీ పేర్లు చదవడానికి ఎవడైనా బస్సు ఆపుతాడుట్రా? ఒక్క పేరూ వద్దు. నాది అసలే వద్దు" అని మాస్టారు తల బాదుకున్నారు. మేం నవ్వేసి ఇంకో మీటింగు పెట్టుకున్నాం.

నిన్న సాయంత్రం మాస్టారు ఉండే ఫ్లాట్ల బ్లాకు కింద సంతాపసభ. మా అధ్యక్షుడు లేచి, "ఫలకం మీద మాస్టారి ఫొటో, పెద్దక్షరాల్లో ఆయన పేరు, కింద మన పేర్లు" అన్నాడు. చప్పట్లు కూడా కొట్టారు, ఖర్మ! ఇక్కడే పుట్టి పెరిగిన మాస్టారి కూతురు నావైపు చూసి, "నాన్న నో నేమ్స్ అన్నారు కదా అంకుల్. వై సో హార్డ్ లా?" అంది, ఇక్కడి సింగపూర్ ఇంగ్లీషులో. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇవాళ పొద్దున్నే, ఎవరినీ అడక్కుండా, ఘాటు కింద ఊళ్ళో రాళ్ళు చెక్కే అప్పారావుకి, రాయి కోసం మేం ఎప్పుడో చెప్పి ఉంచినవాడికి, ఫోను చేసి ఆ మూడు వాక్యాలూ చదివాను.

"దాతల పేర్లు చెప్పండి బాబూ."

"లేవు."

"అయ్యో, పెద్ద రాయి తెప్పించానండి. కింద సగం ఖాళీగా ఉండిపోద్ది."

"ఉండనీ."

మాస్టారూ, మీవంటి గురువు మళ్ళీ దొరకరు. మీ పాదాలకు శతకోటి వందనాలు. మీరుండగా చెయ్యాల్సిన ఫోను ఇది. ఐదు నిమిషాల్లో అయిపోయింది.