లాబ్‌స్టర్ తోకకి అమ్మ పెట్టిన గాటు

మా చిన్నప్పుడు... మా వీధి చివర సముద్రం ఉండేది. కెనడాలో, నోవా స్కోషియాలో చిన్న రేవు ఊరు. నాన్న అక్కడి చేపల ప్లాంటులో ఐస్ మెషీన్లు చూసే ఇంజనీరు. ఊరు మొత్తానికి తెలుగు ఇల్లు మాదొక్కటే.

పక్కిల్లు డగ్ అంకుల్‌ది. లాబ్‌స్టర్లు, అదే పీత డెక్కలున్న పెద్ద రొయ్యలు, పట్టే పడవ ఉండేది ఆయనకి. పేరు పెట్టి పిలవమని ఆయన, పిలిస్తే వీపు విమానం మోత మోగిస్తానని అమ్మ... చివరికి ‘అంకుల్’ గెలిచింది.

అప్పుడు చెల్లి అమ్మ కడుపులో ఉంది. ఐదో నెల వచ్చినా వేవిళ్ళు తగ్గలేదు. చారన్నం కూడా ఇమిడేది కాదు. మనిషి సగమైపోయింది. నాన్నకి బెంగ పట్టుకుంది. భీమిలి నుంచి అమ్మమ్మ ఫోన్ చేసి, జన, అంటే గుడ్లు, ఉన్న పీతని పులుసు పెట్టి తినిపించమంది, అదైతే ఇముడుతుందట. ఆ మాటకే అమ్మకి నోరూరింది. తిండి పేరు చెబితే అమ్మ మొహం వెలగడం ఎన్నాళ్ళకో చూశాను.

పీత కాకపోతే లాబ్‌స్టరైనా సరేనని, వెంటనే నన్ను లాక్కుని డగ్ అంకుల్ దగ్గరికి వెళ్ళింది. అమ్మ తెలుగులో చెప్పడం, నేను ఇంగ్లీషులో అప్పజెప్పడం. గుడ్లున్న ఆడ లాబ్‌స్టర్ ఒకటి కావాలని... కరివేపాకు రెబ్బ అడిగినంత తేలిగ్గా అడిగేశాం! ఆయన మొహం మారిపోయింది. అది తెస్తే లైసెన్స్ పోతుందట. పోదని తెలిసినా తేలేనన్నాడు. ఎందుకో చూపిస్తాను, రేపు పడవలో రమ్మన్నాడు.

నాన్న ససేమిరా అన్నాడు. ఇంట్లో కూర్చుంటేనే వాంతులయ్యే మనిషి, పడవెక్కితే ఇంకేమన్నా ఉందా అని. అమ్మ వింటేగా! తీరా పడవ కదిలాక కడ్డీ పట్టుకుని బిగుసుకుపోయింది నాన్నే. భీమిలి పిల్ల మాత్రం హాయిగా గాలి పీల్చుకుంటూ కూర్చుంది.

సముద్రం అడుగున వేసిన ఒక్కో బోనూ పైకి వస్తోంది. డగ్ అంకుల్ ప్రతిదాని వీపూ కొలబద్ద పెట్టి కొలిచి, చిన్నవైతే తిరిగి నీళ్ళలోకి వదిలేస్తున్నాడు. అంతలో పెద్ద ఆడది ఒకటి దొరికింది. తోక కింద ఆవాలు అంటించినట్టు గుడ్లే గుడ్లు... అమ్మ గుటక మింగడం నేను చూశాను.

ఆయన అమ్మ చేతికి చిన్న కట్టర్ ఇచ్చి, తోక రెక్క మీద గాటు పెట్టమన్నాడు. ఆ గాటుంటే అది పిల్లల తల్లి అని గుర్తట. రేపు గుడ్లు లేకుండా దొరికినా సరే, ఏ పడవవాళ్ళూ ఉంచుకోరట. చూసేవాడు లేని నడిసముద్రంలో కూడా!

“మా తాత పట్టిన చోటే నేనూ పడుతున్నాను. రేపు నా కూతురికీ దొరకాలి కదా” అన్నాడు. అమ్మకి తెలుగులో చెప్పాను.

అమ్మ గాటు పెట్టింది. దాన్ని రెండు చేతులా పట్టుకుని పడవ అంచుదాకా వెళ్ళి ఆగింది. కడుపుతో ఉన్న మనిషిని బొట్టు పెట్టకుండా పంపరు కదా మనవాళ్ళు... తన నుదుటి కుంకుమ వేలితో తీసి దాని వీపుకి అద్దింది.

“వెళ్ళిరా తల్లీ. క్షేమంగా కను.”

ఈ మాట ఎవరూ ఇంగ్లీషులో చెప్పలేదు. డగ్ అంకుల్ టోపీ తీసి పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఆయనే ఒక మగ లాబ్‌స్టర్ తెచ్చి ఇచ్చాడు. అమ్మ చింతపండు పులుసు పెట్టుకుని, మారు వడ్డించుకుని మరీ తింది. ఒక్క మెతుకూ బయటికి రాలేదు. నాన్న వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాడు.

ఇప్పుడు డగ్ అంకుల్ లేడు. నేను సముద్రానికి దూరంగా గ్వెల్ఫ్ ఊళ్ళో, ఫ్రీజర్లో చేపలు కొనుక్కు తింటున్నాను. అక్కడ నీళ్ళు వేడెక్కుతున్నాయని, బోనులు ఇంకా లోతుకి వేయాల్సి వస్తోందని ఆయన కూతురు చెబుతుంది. పడవ ఆమే నడుపుతోంది.

కిందటి వేసవిలో అమ్మా, చెల్లీ, నేనూ ఆ పడవెక్కాం. ఈసారి ఐదో నెల చెల్లికి. ఒక బోనులో గాటున్నది వచ్చింది. గుడ్లు లేవు. డగ్ అంకుల్ కూతురు మరో ఆలోచన లేకుండా, పూడిపోతున్న గాటుని మళ్ళీ కోసి చెల్లి చేతికిచ్చింది.

పెంకు విడిచినప్పుడల్లా గాటు చెరుగుతుంది. అమ్మ పెట్టినది ఎప్పుడో పోయి ఉంటుంది. ఆ సంగతి అమ్మకీ తెలుసు. అయినా కళ్ళజోడు సవరించుకుని చూసి, “ఇది నాదే” అంది.

చెల్లి నుదుట బొట్టు లేదు... అమ్మ తన కుంకుమే తీసి దాని వీపుకి అద్ది, వదలమంది.

చేతికి దొరికినదాన్ని అలా సాగనంపిన మనిషి మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు... ఎవరో చెప్పరూ?