గాలి పేరుతో పెట్టిన సురుకులు

పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు, పెన్‌పహాడ్‌లోని మా ఇంటికి కోదాడ నుంచి నాకు పిల్లనిచ్చేవాళ్లు వచ్చారు. వాళ్ల గౌరవార్థం రాత్రి పద్నాలుగు బూరెలు తిన్నాను. తెల్లారి లేవబోతే కాళ్లూ చేతులూ లేవలేదు. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. ఈగ వాలితే తెలుస్తోంది, తోలడానికి చెయ్యి రాదు. నోరు మాత్రం బాగానే ఉంది. అదే నా ఖర్మ.

"గాలి సోకింది," అన్నాడు నాయన, వాకిట్లో కూర్చున్న చుట్టాలకు వినపడేటట్టు.

"గాలి గాదు. నన్ను మిర్యాలగూడ దవాఖానకు తీస్కపొండ్రి."

"సూసిండ్రా, అదే మాట్లాడుతున్నది!"

హైదరాబాదులో చదివిన బీఏకు ఇంతకన్నా విలువ ఉంటుందని నేనూ అనుకోలేదు.

గొర్లకు సురుకులు పెట్టే ముసలాయనను పిలిపించారు. ఇనుప చువ్వ కొనను ఎర్రగా కాల్చి రోగమున్న చోట అంటించడం ఆయన వైద్యం. గొర్రెనైతే నలుగురు పట్టుకోవాలి. నన్ను పట్టుకునే పని లేదని సంతోషించాడు. కుడి పిక్క మీద పెట్టాడు. కాలు వెంట్రుకవాసి కదల్లేదు. అరిచాను.

"దిగుతున్నది, దిగుతున్నది," అన్నాడు.

నాయన నా పక్కన గొంతుకూర్చుని, "జర ఓర్చుకో బిడ్డా. పగటి బువ్వ యాళకల్ల అదే తగ్గుతది," అని గొణిగాడు.

"నీకెట్ల ఎరుక?"

నాయన ధోవతి మోకాళ్ల పైకి పోయి ఉంది. పిక్కల మీద మూడేసి గుండ్రటి మచ్చలు. చిన్నప్పుడు అడిగితే కంచె ముళ్లు గీరినయన్నాడు. ముళ్లు అంత పద్ధతిగా గీరవు.

"నీకు గూడ ఇదేనా?"

"మెల్లగ! తాతకు గూడ ఉండె. ఇంటి రోగమంటే పిల్లనెవడిస్తడు? గాలి అయితే ఒదిలిందనుకుంటరు."

అంటే సురుకు పనిచేయదని ఆయనకు తెలుసు. ఎంత మండుతుందో కూడా తెలుసు. తెలిసే, నా కళ్లలోకి చూస్తూ, ముసలాయనకు ఎడమ కాలు చూపించాడు. కుడి కాలి సంగతి ఎలాగో క్షమించాను. ఎడమ కాలి సంగతి ఇన్నేళ్లయినా నావల్ల కాలేదు.

మధ్యాహ్నానికి కాళ్లు వచ్చాయి. ముసలాయనకు గొర్రెపిల్ల ముట్టింది.

"దయ్యం వదిలింది బావగారూ, ఇంక ముహూర్తం పెట్టుకుందాం," అన్నాడు కోదాడ పెద్దాయన.

నేను గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చాను. "దయ్యం గాదండి. మా తాతది, మా నాయనది, ఇప్పుడు నాది. రేపు మీ మనుమనికి గూడ రావొచ్చు," అని నాయన ధోవతి అంచు పట్టి పైకెత్తాను.

పెద్దాయన ఆ మచ్చలు చూశాడు, నా పుండ్లు చూశాడు. "బండి కట్టండి," అన్నాడు.

నాయన ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. దాన్ని ఆయన నాకు శిక్ష అనుకున్నాడు.