సీలు నమ్మని మా బావ

మా బావ గురించి లోకంలో రకరకాల అభిప్రాయాలు ప్రచారంలో ఉన్నాయి. ఆయనకు మతి చలించిందని ఆయన భార్య, అంటే నా చెల్లెలు, అంటుంది. వట్టి పిసినారి అని వీధి చివరి దుకాణదారు అంటాడు. కొత్త అల్లుడంటే గిట్టక, అతను ముచ్చటపడి తెచ్చిన వస్తువును బకెట్టు నీళ్ళలో ముంచి పాడుచేశాడని బంధువర్గమంతా ఏకగ్రీవంగా తీర్మానించింది. అన్ని వైపుల వాదనలూ విన్న మీదట ఇందులో ఏదీ నిలబడదని నాకు తేలింది. మా బావకు ఉన్నది ఒకే ఒక్క లక్షణం. సీలు వేసి ఉన్న దేన్నీ ఆయన నమ్మడు. సీలు లేనిదాన్ని అసలు ముట్టనే ముట్టడు.

దీనికి కారణం లేకపోలేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. దుకాణాల్లో తక్కెడలు పరీక్షించి సీసపు సీలు వేయడం ఆయన పని. "సీలు వేసిన చేయి బావగారూ ఇది. అదెంత తేలిగ్గా వేయొచ్చో నాకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది?" అంటాడు. ఉద్యోగం ముగిసింది గాని అనుమానం పదవీ విరమణ చేయలేదు. "ఇవాళ ఎండ ఎక్కువగా ఉంది" అన్నా సరే, "ఎవరు చెప్పారు?" అని అడుగుతాడు.

బిస్కెట్ల పొట్లం కొనడానికి వెళితే ముందు వరసలోది తీసుకోడు. వెనకది అడగడం అందరికీ తెలిసిన తెలివే కాబట్టి దుకాణదారు పాతవి వెనక పెడతాడని ఆయన అనుమానం. అందుకని మధ్యది కావాలంటాడు.

"సార్, మధ్యవన్నీ మీరే పట్టుకెళ్ళారు. ఇక మిగిలినవి ముందువీ, వెనకవీ!" అని దుకాణదారు ఒకనాడు మొత్తుకున్నాడు.

"అయితే ఇప్పుడు మధ్యలో ఉన్నవి ఏవి?" అన్నాడు మా బావ. దుకాణదారు ఆయన్ని పిసినారి అనడానికి మూలం ఈ సంభాషణే తప్ప డబ్బు విషయం కాదు.

ఇంటికి తాళం వేశాక మామూలు మనిషి ఒకసారి లాగి చూస్తాడు. మా బావ లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్ళి, తిరిగివచ్చి మళ్ళీ లాగుతాడు. ఏళ్ళ తరబడి ఈ లాగుడు భరించిన గొళ్ళెం ఒకనాడు ఆయన చేతిలోకే ఊడి వచ్చింది. దొంగ అడుగు పెట్టకుండానే తలుపు విరిగిన ఇల్లు ఆ వీధి మొత్తానికి అదొక్కటే.

డాక్టరు మాత్ర రాస్తే, "ఇది మీరు వేసుకుంటారా?" అని అడిగాడట.

"నాకు ఆ జబ్బు లేదండీ."

"ఎవరు చెప్పారు?"

ఆ డాక్టరు మరునాడే రక్తపరీక్ష చేయించుకున్నాడని వినికిడి. దీనికి సాక్ష్యం లేదు కాబట్టి నేను నొక్కి చెప్పను.

ఇక బకెట్టు సంగతికి వస్తాను. మా మేనకోడలు, అంటే మా బావ ఏకైక కూతురు, చక్కని చిత్రకారిణి. పిల్లల కంప్యూటర్ ఆటలు తయారుచేసే సంస్థలు ఆమె చేత బొమ్మలు గీయించుకుని బిట్‌కాయిన్లలో, అంటే ఇంటర్నెట్ నాణేల్లో, చెల్లిస్తాయి. ఏళ్ళ తరబడి వేళ్ళు కాయలు కాచేలా గీసి సంపాదించినదంతా, ఆ నాణేలు దాచిపెట్టే ఒక ఆన్‌లైన్ ఎక్స్‌ఛేంజీలో ఉంది. దానితో సొంత స్టూడియో పెట్టుకోవాలని ఆమె ఆశ. అలాంటిదే మరొక ఎక్స్‌ఛేంజీ ఉన్నట్టుండి మూతపడటంతో పిల్లకు కంటిమీద కునుకు కరువైంది. సొమ్మును హార్డ్‌వేర్ వాలెట్‌లోకి మార్చాలని ఇంటిల్లిపాదీ నిర్ణయించారు.

అది బొటనవేలంత యంత్రం. నాణేలు అందులో ఉండవు, వాటి తాళంచెవి ఉంటుంది. ఆ తాళంచెవికి మారుగా ఇరవైనాలుగు మామూలు ఇంగ్లీషు పదాలు ఉంటాయి. యంత్రం పోయినా ఆ పదాలుంటే సొమ్ము దక్కుతుంది. ఆ పదాలు పరాయివాడికి తెలిస్తే సొమ్ము పరాయివాడిదే. ఈ చివరి మాటను పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. ఆ రోజు నేనైతే గుర్తు పెట్టుకోలేదు.

యంత్రాన్ని అల్లుడు తెచ్చాడు. పెళ్ళయిన తరువాత భార్యకు అతను కొన్న మొదటి బహుమతి అది. ఆదివారం ఉదయం అందరం ముందుగదిలో కూర్చుని ఉండగా పెట్టె విప్పాడు.

"చూశారా మామయ్యగారూ, ఎంత శ్రద్ధగా ఇచ్చారో! పదాలు కూడా కార్డు మీద ప్రింటు చేసి పెట్టారు. మనం రాసుకునే పని లేదు. ఇవి యంత్రంలో కొట్టేస్తే చాలు."

మా బావ కార్డు అందుకున్నాడు. కళ్ళజోడు పైకి జరిపి చూశాడు, కిందికి జరిపి చూశాడు.

"ఎక్కడ కొన్నారు బాబూ?"

"ఆన్‌లైన్‌లో ఒకాయన సగం ధరకే అమ్ముతున్నాడండీ. కొత్తదే. మీకోసమని సీలు ఉన్నది వెతికి మరీ తెచ్చాను!"

మా చెల్లెలు నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. దానమిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టకుండా వదిలే మనిషి కాడు మా బావ. కొత్త అల్లుడి మొహం మీద ఎలాంటి ప్రశ్నలు పడతాయోనని అందరం బిక్కచచ్చి కూర్చున్నాం.

"బావుంది" అన్నాడు మా బావ.

ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదలు.

మరుక్షణమే, "ఒక బకెట్టు నీళ్ళు పట్టుకురా" అన్నాడు చెల్లెలితో.

"ఎందుకండీ?"

"వాన పడితే దీని గతేమిటో చూడొద్దూ?"

"నడింట్లో వానెందుకు పడుతుందండీ!"

"పడదని ఎవరు చెప్పారు?"

ఆమె బకెట్టు తెచ్చి పెట్టింది. అనుమానం ఎంత తడిపితే అంత త్వరగా ఆరుతుందని తన అనుభవమట. ఆయన యంత్రాన్నీ కార్డునూ కలిపి నీళ్ళలో వేసి, కాఫీలో పంచదార కలిపినంత ఓపికగా తిప్పాడు. కార్డు ముద్దయింది. యంత్రం చచ్చింది.

"నాన్నా! ఏం చేశావు!" అని మేనకోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఏం మనిషండీ మీరు! అల్లుడి ముందు తల ఎలా ఎత్తుకోను?" అంది చెల్లెలు. "అన్నయ్యా, నువ్వైనా చెప్పవేం?"

నేను చెప్పాను. కాస్త కఠినంగానే చెప్పాను. ఆయన తల వంచుకుని అన్నీ విని, అల్లుడి చేయి పట్టుకుని, "నా చాదస్తం బాబూ. మనసులో పెట్టుకోకండి. కొత్తది నేను తెప్పిస్తాను" అన్నాడు. గొళ్ళెం ఊడినప్పుడు గొళ్ళేన్నే తప్పుపట్టిన మనిషి క్షమాపణ చెప్పడం నాకు వింతగా తోచింది.

కొత్త యంత్రాన్ని తయారీదారు దగ్గరి నుంచే పూర్తి ధర పెట్టి తెప్పించాడు. ఇక ఆనాటి హడావిడి చెప్పతరం కాదు. కిటికీ తెరలు మూశాడు. అందరి ఫోన్లూ ఫ్రిజ్‌లో పెట్టించాడు. పిల్లిని కూడా గది బయటికి పంపాడు.

"పిల్లి పదాలు చదువుతుందా బావా?" అన్నాను.

"చదవదు. కానీ దాని మెడకు ఆ గంట ఎవరు కట్టారు?"

"నేనే కట్టానండీ!" అని చెల్లెలు అరిచింది.

మేనకోడలు పెట్టె విప్పి, "ఇదేంటి నాన్నా, ఈ కార్డు ఖాళీగా ఉంది? పదాలు యంత్రం తెర మీద చూపిస్తుందట, మనమే రాసుకోవాలట" అంది.

"పనిదొంగ కంపెనీ! అన్నీ మన చేతే చేయిస్తారు."

"నేను తెచ్చినదాంట్లో ప్రింటు చేసి ఇచ్చారు మామయ్యగారూ" అన్నాడు అల్లుడు, మనసులో ఉన్న ముల్లు మాటలోకి వస్తుండగా.

"మీది మేలైన సరుకు బాబూ. నా చేతిలో పడి పాడైంది."

తెర మీద పదాలు వచ్చే వేళకు అందరినీ బయటికి తోలి, తానూ వచ్చేశాడు. "నన్ను మాత్రం ఎందుకు నమ్మాలి? ఒక్కదానివే రాసుకో" అన్నాడు కూతురితో. ఆమె రాయడం పూర్తికాగానే, యంత్రంలో ఉన్నదంతా చెరిపి, రాసుకున్న పదాలతో మళ్ళీ మొదటి నుంచి తెరవమన్నాడు.

"ఇప్పుడేగా పెట్టాను నాన్నా!"

"తాళంచెవి ఇచ్చారు సరే. తలుపు తెరుచుకుంటుందో లేదో చూడకుండా సామాను దించుకుంటావా?"

తలుపు తెరుచుకుంది. ముందు చిటికెడు సొమ్ము పంపించి, అది చేరాకే మిగిలింది పంపనిచ్చాడు. మేనకోడలి సంపాదన ఆమె చేతికి వచ్చింది. బకెట్టు కథ మాత్రం బంధువుల నోళ్ళలో నానుతూనే ఉంది. మా బావ ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోలేదు.

కొన్నాళ్ళకు అల్లుడు నా దగ్గరికి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"పెద్ద మామయ్యగారూ, మా ఆఫీసులో మోసాల గురించి క్లాసు పెట్టారు. అందులో ఒక బొమ్మ చూపించారు. అచ్చం నేను తెచ్చిన కార్డే. పదాలు ముందే ప్రింటు చేసి అమ్ముతారట. మనం సొమ్ము వేయగానే, ఆ పదాలు తెలిసినవాడు ఊడ్చుకుపోతాడట." కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ఆయనకు ఆ రోజే తెలుసంటారా?" అన్నాడు.

నేను వెంటనే మా బావ దగ్గరికి వెళ్ళి నిలదీశాను. "ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే ఇన్ని తిట్లు తప్పేవి కదా?"

"పెళ్ళాం సొమ్ము నిలువునా ముంచబోయిన అల్లుడని ఆ అబ్బాయికి పేరు వచ్చేది బావగారూ. ఆ పేరు ఏ నీళ్ళతో కడిగినా పోదు. నాకంటారా, పిచ్చివాడన్న పేరు ఎప్పుడో ఉంది. దాని మీద ఇంకో బకెట్టు పడితే నష్టమేముంది?"

"తెలియక అతను మళ్ళీ అలాంటిదే కొని ఉంటే?"

"బకెట్టు మాత్రం ఎక్కడికి పోతుంది?"

ఈ సంగతి రాయమని నన్ను పట్టుబట్టింది అల్లుడే. అతనిప్పుడు తాళం వేశాక వీధి మలుపు దాకా వెళ్ళి తిరిగి వస్తున్నాడని మేనకోడలు మొర పెట్టుకుంటోంది. రాసినదాన్ని మా బావకు చూపించాను. కాగితాలను వెలుతురుకెత్తి ముందూ వెనకా చూసి, మధ్య పేజీ ఒకటి లాగి చదివి, "ఇదంతా మీకు ఎవరు చెప్పారు?" అన్నాడు.

కనుక నా నిర్ధారణ ఇది. మా బావకు మతి చలించలేదు. ఆయన పిసినారి కాడు, రెండో యంత్రానికి పూర్తి ధర చెల్లించాడు. ఆయన లోకంలో దేన్నైనా అనుమానిస్తాడు. అల్లుణ్ణి ఆయన ఒక్క క్షణమైనా అనుమానించలేదు. ఆ యంత్రాన్ని తెలిసే ముంచాడు, బాగా తిప్పాడు, తిట్లన్నీ తానే తిన్నాడు.